మనిషికి ఒకటే అన్న వాచీ నాలుగు కొన్నాను. రెట్టింపుకి అమ్మితే తప్పా?

బీసెంట్‌రోడ్ వాచీలు:

అందరికీ నమస్కారం. విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో మాది చిన్న వాచీ రిపేర్ షాపు. నాన్న పెట్టింది, పద్నాలుగేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. సెల్లు మార్చడం, బెల్టు వేయడం, ఆటోమేటిక్ వాచీలు విప్పి సర్వీసింగ్ చేయడం, ఇదే పని. కొత్త వాచీలు అమ్మి సంపాదించింది పెద్దగా లేదు.

పోయిన నెల మన దేశంలోనే ఓ చిన్న కంపెనీ 300 వాచీలతో ఒక లిమిటెడ్ ఎడిషన్ వదిలింది. ధర 14,500. ప్రతి వాచీ వెనక మూత మీద దాని నంబరు చెక్కి ఉంటుంది. పొద్దున 11 గంటలకి వాళ్ళ సైటులో అమ్మకం. మనిషికి ఒకటే. డబ్బు కట్టే ముందు, ఒక్కటే కొంటున్నాను, నా కోసమే కొంటున్నాను అని ఒక గడిలో టిక్ పెట్టాలి. నా ఫోన్ నుంచి ఒకటి కొన్నాను. మా ఆవిడ ఫోన్ నుంచి ఒకటి. అమ్మ ఫోనూ తమ్ముడి ఫోనూ ముందురోజు రాత్రే తెచ్చి ఛార్జింగ్ పెట్టుకుని ఉన్నాను. నాలుగూ దొరికాయి. తొమ్మిది నిమిషాల్లో మొత్తం అయిపోయాయి.

పార్సిళ్ళు వచ్చిన మూడో రోజుకే వాట్సాప్ గ్రూపుల్లో రేటు 30,000 దాటింది. హైదరాబాద్ అతను ఒకాయన 31,000 పంపి ఒకటి తీసుకున్నాడు. ఆ డబ్బు పాప ఇంటర్ ఫీజు రెండో విడతకి కట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ రోజు చాలా సంతోషపడ్డాను. నెలంతా వంగి కూర్చుని మెడ నొప్పులు తెచ్చుకుంటే మిగిలే డబ్బు ఒక్క కొరియర్‌తో వచ్చింది.

తర్వాత షాపుకి ఒక కుర్రాడొచ్చాడు. ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద పని చేస్తాడు, మూడు నాలుగేళ్ళుగా నా కస్టమర్. గోళ్ళలో గ్రీజు ఎప్పుడూ పూర్తిగా పోదు. వచ్చినప్పుడల్లా నేను వాచీ విప్పుతుంటే పక్కన నిలబడి చూస్తాడు, ఏ చక్రం ఏం చేస్తుందో అడుగుతాడు. ఈ వాచీ కోసం ఆ రోజు 11కి తనూ కూర్చున్నాడట. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళాక అయిపోయాయని వచ్చిందట. నా దగ్గర ఉన్నాయని ఎవరో చెబితే వచ్చాడు. డబ్బా చూపించాను. మూత తీసి, వాచీని చేత్తో తాకకుండా చాలాసేపు చూశాడు. "అన్నా, రేటెంతో చెప్పు. ఈ నెల చీటీ పాడేసి తెస్తాను" అన్నాడు.

చీటీ సంగతి మీకు తెలిసిందే. ఇంత ముందుగా పాడితే ఎంత తరుగు పోతుందో నాకూ తెలుసు. నా నోటి దాకా ముప్పై వచ్చింది, కానీ చెప్పలేకపోయాను. రేపు చెబుతానన్నాను.

ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన. 2014లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసేస్తారన్న వార్త వచ్చినప్పుడు మా షాపు అద్దాల బీరువాలో పదకొండు జనతాలు ఉన్నాయి. కీ ఇచ్చే వాచీలు. అంతకుముందు ఏడాదంతా అడిగినవాడు లేడు. వార్త రాగానే జనం వెతుక్కుంటూ వచ్చారు. ఒక పెద్దాయన పదకొండూ తనకే ఇచ్చేయమనీ, ఒక్కోదానికి ఐదొందలు పైన ఇస్తాననీ అన్నాడు. నాన్న, "మీకు రెండు చేతులేగా అండీ, ఒకటి తీసుకోండి" అని డబ్బా మీద రేటుకే ఒకటి ఇచ్చి పంపారు. మిగతా పదీ పదిమందికి అలాగే ఇచ్చారు. 5,500 రూపాయలు చేతికొచ్చింది వదిలేశావని ఆ రాత్రి నేను ఆయనతో గొడవపడ్డాను. ఆ పదకొండులో నాలుగు ఇప్పటికీ సర్వీసింగ్‌కి నా దగ్గరికే వస్తాయి. కీ తిప్పుతుంటే వేలికి తగిలే ఆ కిర్రుకిర్రు చీకట్లో విన్నా గుర్తుపడతాను.

మొన్న నాన్నకి విషయం చెప్పాను. తిట్టలేదు. "నీ నంబరు మీద కొన్నది నీది. మీ అమ్మ నంబరు మీద కొన్నది ఎవరిది? ఆవిడ వాచీ పెట్టుకోవడం నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకా రెండు వాచీలు సీలు తీయకుండా ఉన్నాయి. (కుర్రాడికి చూపించింది నా సొంతానిది.) నేను అడిగేది ఇదే. కొన్న వస్తువుని ఎక్కువకి అమ్ముకోవడం వ్యాపారమే కదా, అందులో తప్పేముంది? మరి తప్పు లేకపోతే ఆ కుర్రాడి ముందు రేటు ఎందుకు చెప్పలేకపోయాను? దయచేసి ఆలోచించి చెప్పండి.

మిర్చి యార్డు:

అన్నా, గుంటూరు నుంచి రాస్తున్నా. మా ఇంట్లో మూడు తరాలుగా మిర్చి వ్యాపారం. నువ్వు అనవసరంగా కుమిలిపోతున్నావు.

మా నాన్న సీజన్‌లో కొని కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెడతారు. రేటు పెరిగితే అందరి కళ్ళూ ఆయన మీదే. తగ్గితే పలకరించేవాడు ఉండడు. 2025 మొదట్లో రేటు పడిపోతే కేంద్రం రైతుల్ని ఆదుకోవడానికి క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది మంచి రేటు చూసి నిల్వ పెట్టినవాళ్ళ పరిస్థితి నేను కళ్ళారా చూశాను. స్టోరేజీ అద్దె, బ్యాంకు వడ్డీ, పైగా సరుకు రంగు తగ్గుతుంది. సరుకు పట్టుకుని కూర్చున్నవాడు రిస్కు కూడా పట్టుకునే కూర్చుంటాడు. నువ్వు 58,000 పెట్టి నాలుగు కొన్నావు. రేటు పెరగకపోతే ఆ కంపెనీ వచ్చి నీ నష్టం కడుతుందా?

ఇంకో సంగతి. వాచీ బియ్యం కాదు, మందు కాదు. అది లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు. 31,000 ఇచ్చినాయన తెలిసే ఇచ్చాడు, నువ్వేమీ దాచలేదు. అంత గిరాకీ ఉందని తెలిసీ 300 మాత్రమే చేసింది కంపెనీ, రేటు తక్కువ పెట్టిందీ కంపెనీయే. వాళ్ళు 30,000 పెట్టి ఉంటే ఈ బాధ నీకు ఉండేదే కాదు. ఆ కుర్రాడికి తగ్గించి ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, అది నీ మంచితనం. పాప ఫీజు కట్టిన డబ్బుని మాత్రం పాపం డబ్బు అనుకోకు.

సెకన్ల ముల్లు:

పదేళ్ళుగా వాచీలు పోగుచేస్తున్నవాణ్ణి, ఉండేది లబ్బీపేటలో. మిర్చి యార్డు తమ్ముడు కంపెనీల గురించి అన్నదాంట్లో సగం నిజం ఉంది.

2022 మార్చి 26న స్విస్ వాచీ కంపెనీలు ఒమేగా, స్వాచ్ కలిసి మూన్‌స్వాచ్ అనే వాచీ విడుదల చేశాయి. అమెరికాలో ధర 260 డాలర్లు. ఎంచుకున్న స్వాచ్ షాపుల్లో మాత్రమే అమ్మారు, ఆన్‌లైన్‌లో లేదు. ముందురోజు రాత్రి నుంచే జనం ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నారు. లండన్‌లో తోపులాట వల్ల షాపు మూయాల్సి వచ్చింది. కొన్నవాళ్ళు ఆ రోజే ఆన్‌లైన్‌లో ఎన్నో రెట్ల రేటుకి అమ్మకానికి పెట్టారు. అది అసలు లిమిటెడ్ ఎడిషనే కాదు, మళ్ళీ తెస్తామని కంపెనీయే చెప్పింది. తర్వాత లక్షల్లో అమ్మారు కూడా. మొదటి వారం ఆవేశపడి ఆ ఎక్కువ రేటుకి కొన్నవాళ్ళ డబ్బే పోయింది.

బాగా ఖరీదైన వాచీల్లోనూ అదే కథ. స్విస్ కంపెనీ పాటెక్ ఫిలిప్ తన 5711 మోడల్‌ని 2021లో ఆపేసింది. అదే ఏడాది చివర్లో అమెరికా నగల కంపెనీ టిఫనీ కోసం నీలం డయల్‌తో 170 చేశారు. అందులో మొదటిది డిసెంబరులో న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. ఆ డబ్బు ప్రకృతి సంరక్షణ సంస్థకి వెళ్ళింది, అది వేరే సంగతి. దాన్ని చూసి అందరూ వాచీ అంటే బంగారమే అనుకున్నారు. 2022 వసంతం తర్వాత సెకండ్ హ్యాండ్ రేట్లు దిగడం మొదలుపెట్టాయి. చివర్లో కొన్నవాళ్ళు ఇరుక్కున్నారు.

అందుకని మిత్రమా, 31,000 ఇచ్చిన హైదరాబాద్ ఆయన గురించి కూడా ఒకసారి ఆలోచించండి. ఆయన పెట్టుకోవడానికే కొన్నాడా, ఇంకొకరికి 38కి అమ్మడానికా? ఇలా చేతులు మారే వాచీలు ఏ చేతికీ ఎక్కవు. నా దగ్గరికి అమ్మకానికి వచ్చినవాటిలో సగం డయల్ మీద ప్లాస్టిక్ పొర కూడా తీయనివి. లోపల నూనె ఆరిపోయి ఉంటుంది, మీకు చెప్పక్కర్లేదు.

మీ నాన్నగారు ఆ పదకొండు జనతాలని పదకొండు చేతులకి ఎక్కించారు. నాకైతే అందులో జవాబు ఉంది.

గాంధీనగరం:

బ్లాక్ టికెట్ల విషయం ఎవరూ ఎత్తలేదేంటి? మా చిన్నప్పుడు గాంధీనగరంలో కొత్త సినిమా అంటే థియేటర్ గోడ పక్కన గొంతు తగ్గించి రేటు చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు. మా మేనమామ కొన్నాళ్ళు ఆ పని చేశాడు, ఇప్పుడు చెప్పడానికి ఆయనకేం మొహమాటం లేదు. ఆయన చెప్పేది ఒకటే: జనానికి కోపం రేటు మీద కాదు. ఇష్టముంటే కొనేవాళ్ళు, లేకపోతే ఇంటికి పోయేవాళ్ళు. పొద్దున ఆరింటి నుంచి క్యూలో నిలబడ్డవాడి ముఖాన కౌంటరు కిటికీ మూసేసి, అదే టికెట్లు వెనక తలుపు నుంచి ఈయన జేబులోకి వచ్చాయే, దాని మీద కోపం.

మిర్చి బ్రదర్, మీ నాన్నగారు యార్డులో అందరి ముందూ వేలం పాట పాడి కొంటారు. పక్కవాడి పేరు మీద పాడరు కదా. బీసెంట్ రోడ్డు ఆయన పెట్టిన టిక్కు సంగతేంటి మరి?

బ్రాడీపేట నాలుగో లైను:

అకౌంట్స్ చూసేవాణ్ణి కాబట్టి ఆ వైపు మాత్రం చెబుతాను. మీరు మామూలు మనిషి కాదు, షాపు ఉన్నవారు. ప్యాక్ చేసిన సరుకుని డబ్బా మీద ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్సు చెబుతున్నాయి. సీలు తీయని డబ్బాని మీ కౌంటరు మీద నుంచి 30,000కి ఇచ్చి బిల్లు రాస్తే మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సొంతానికి వాడుకునే మామూలు వాచీని పర్సనల్ ఎఫెక్ట్స్ కింద చూస్తారు, అమ్మినా ఆ లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. కానీ అమ్మాలనే నాలుగు కొంటే అది వ్యాపారం, ఆ లాభం వ్యాపార ఆదాయంలో చూపించాలి.  

మంచీ చెడూ చెప్పేంతవాణ్ణి కాను.

నైట్ డ్యూటీ:

ఆ రోజు 11 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. గుంటూరులో స్టాఫ్ నర్సుని. రాత్రంతా డ్యూటీ చేసి, నిద్ర ఆపుకుని, టీ తాగుతూ కూర్చున్నాను. మాకు వాచీ షోకు కాదండీ. పేషెంటు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాలంటే సెకన్ల ముల్లు కావాలి. ఈ వాచీకి తెల్ల డయల్ మీద ఎర్రటి ముల్లు, వార్డులో రాత్రి చిన్న లైటులో కూడా కనబడేలా. పదిహేనేళ్ళ సర్వీసు అయిన సందర్భంగా నాకు నేను కొనుక్కుందామనుకున్నాను.

దొరకలేదు. తర్వాత ఒకతని దగ్గర 29,000కి కొన్నాను. నా తప్పే అనుకోండి, ఆశపడ్డాను. వారం తిరక్కుండానే రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు పోవడం మొదలైంది. కంపెనీకి రాస్తే, వారంటీ కొన్నవారి ఫోన్ నంబరు మీద ఉంది, వాళ్ళే పంపాలి అన్నారు. అమ్మినతనికి ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తి, మూడోసారి బ్లాక్ చేశాడు. ఆ నంబరు అతనిది కూడా కాదట, ఎవరో బంధువుది.

బీసెంట్ రోడ్డు గారూ, అది మీరు కాదని తెలుసు. కానీ మీ అమ్మగారి నంబరు మీద ఉన్న వాచీ కొన్నవాళ్ళు రేపు ఎవరికి చెప్పుకోవాలి? ఎక్కువ డబ్బు ఇచ్చామన్న బాధ నెలకి పోతుంది. నా వంతు వచ్చి ఉండేదేమో, ఎవరో తీసేసుకున్నారేమో అన్న అనుమానం మాత్రం ఆ వాచీ చూసినప్పుడల్లా వస్తోంది.

మిర్చి యార్డు:

మేడం, వారంటీ సంగతి నాకు తట్టలేదు. లాభం తీసుకున్నాక సరుకు బాధ్యత కూడా తీసుకోవాలి. యార్డులో తేమ ఎక్కువుందని తేలితే టిక్కీ వెనక్కి వస్తుంది, ఎవరూ ఫోన్ బ్లాక్ చేయరు. గాంధీనగరం గారు అడిగిన టిక్కు గురించి కూడా ఆలోచించాను. పక్కవాడి పేరు మీద పాట పాడితే మా దగ్గర లైసెన్సే పోతుంది. ఎక్కువకి అమ్మడం తప్పు కాదన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. నాలుగు ఫోన్ల దగ్గర మాత్రం అన్నని సమర్థించలేను.

బీసెంట్‌రోడ్ వాచీలు:

ఆలస్యమైంది, క్షమించండి. అందరూ రాసింది నాన్నకి చదివి వినిపించాను, ఇక్కడ పేరుపేరునా జవాబివ్వలేకపోతున్నాను.

ముందు నైట్ డ్యూటీ గారికి. మేడం, రోజుకి నాలుగు నిమిషాలు ఒక్కసారిగా ముందుకు పోవడం మొదలైందంటే నూటికి తొంభై పాళ్ళు మెషిన్ చెడిపోలేదు, అయస్కాంతం పట్టి ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చుట్టలుగా ఉంటుంది. అయస్కాంతం తగిలితే ఆ చుట్టలు ఒకదానికొకటి అంటుకుని పొట్టిదైపోతుంది, వాచీ పరిగెడుతుంది. ఫోన్ కవరు మూతలో, హ్యాండ్‌బ్యాగు బటన్‌లో, స్పీకర్ల దగ్గర అయస్కాంతాలు ఉంటాయి. వీలైనప్పుడు తీసుకురండి. డబ్బులు వద్దు.

నేను కొన్న వాచీల సంగతి. సీలు తీయని రెండిట్లో ఒకటి కంపెనీకి వెనక్కి పంపేశాను. తెరవనివాటికి పది రోజుల గడువు ఉంది, ఎనిమిదో రోజున పంపాను. నాలుగు ఫోన్లతో కొన్నానని మెయిల్‌లో ఉన్నదున్నట్టు రాశాను. డబ్బు వచ్చేసింది. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఇస్తామని రాశారు.

రెండోది ఆటోనగర్ కుర్రాడికి 14,500కే ఇచ్చాను. చీటీ పాడొద్దని చెప్పి, మూడు నెలల్లో ఇవ్వమన్నాను. వారంటీ మా తమ్ముడి నంబరు మీద ఉంది కాబట్టి, తమ్ముడి చేత కంపెనీకి రాయించి అతని పేరు మీదికి మార్పించాను. ప్లాస్టిక్ పొర నా ముందే తీసేశాడు. గోళ్ళు డయల్‌కి తగులుతాయేమోనని వేలి కొసతో, చాలా మెల్లగా.

హైదరాబాద్ ఆయనకి అమ్మింది అమ్మకమైపోయింది. ఆ 16,500 లాభం నా దగ్గర లేదు, ఫీజు కట్టేశాను. దాన్ని తప్పు కాదని ఇప్పుడు నాకు నేను చెప్పుకోలేను. ఆయనకి ఫోన్ చేసి, వారంటీ మా అమ్మ నంబరు మీద ఉంది, ఏ ఇబ్బంది వచ్చినా నాకు పంపండి, నేనే చూస్తానని చెప్పాను. ఆయన ఇదివరకే ఇంకొకరికి అమ్మేశాడట. ఎవరికో చెప్పలేదు. ఆ వాచీ 087. వెనక మూత మీద ఆ అంకె ఉన్న వాచీ మీలో ఎవరి చేతికైనా వస్తే, బీసెంట్ రోడ్డులో దానికి సర్వీసింగ్ ఉచితం. నేను ఉన్నంతకాలం.

నైట్ డ్యూటీ:

బుధవారం డ్యూటీ దిగి నేరుగా విజయవాడ బస్సెక్కాను. వాచీని ఒక చిన్న దిక్సూచి పక్కన పెట్టారు. ముల్లు ఒక్కసారి గిర్రున తిరిగి వాచీ వైపు ఆగింది. అయస్కాంతం తీసే నీలం డబ్బా మీద రెండుసార్లు అటూ ఇటూ కదిపారు, ఐదు సెకన్లు కూడా పట్టలేదు. మళ్ళీ దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదల్లేదు. వాళ్ళ నాన్నగారు కూడా ఉన్నారు. నా వాచీ చెవి దగ్గర పెట్టుకుని విని తలూపారు.

నిన్న రాత్రి నుంచి ఈ పొద్దుటికి ఆరు సెకన్లు ముందుకు పోయింది. వార్డు గోడ గడియారంతో మూడుసార్లు సరిచూశాను.